పెళ్లి డీవీడీ ఆగి ఆగి వస్తుంటే: డీకోడింగ్ ప్రాసెసర్‌కు ఇవ్వాలా, గ్రాఫిక్స్‌కు ఇవ్వాలా?

వరంగల్, హన్మకొండ ఫొటో స్టూడియోలు ఒకప్పుడు ఇచ్చిన పెళ్లి డీవీడీలు ఇంకా చాలా ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. కంప్యూటర్లో వేస్తే తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది, లేదంటే అప్పగింతల దగ్గరికొచ్చి ఆగిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు అసలు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. ఎక్కువసార్లు అది డీకోడింగ్‌ది, అంటే కుదించిన వీడియోను విప్పే పనిది, కాదు.

డీవీడీలో వీడియో ఎంపెగ్-2 పద్ధతిలో కుదించి ఉంటుంది. మన దగ్గర చేసినవి సాధారణంగా పాల్ (మన దేశం వాడిన టీవీ ప్రమాణం) డిస్కులు: 720×576 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు, వీడియోకు గరిష్ఠంగా సెకనుకు 9.8 మెగాబిట్లు. దీన్ని విప్పే పని ప్రాసెసర్ చేస్తే సాఫ్ట్‌వేర్ డీకోడింగ్. గ్రాఫిక్స్ చిప్‌లో అందుకోసమే ఉన్న భాగం చేస్తే హార్డ్‌వేర్ డీకోడింగ్. పెంటియం-2 కాలంలో ఆ పని ప్రాసెసర్‌కు మోయలేనంత బరువు, అందుకే డీకోడర్ కార్డులు విడిగా అమ్మేవారు. ఇప్పటి 1080పీ (ఫుల్ హెచ్‌డీ) ఫ్రేములో పిక్సెళ్లు దీనికి సరిగ్గా 5 రెట్లు. కోర్ 2 డ్యుయో నుంచి ఇటు వచ్చిన డెస్క్‌టాప్ ఏదైనా డీవీడీని ప్రాసెసర్‌తోనే సులువుగా లాగేస్తుంది.

మొదటి పరీక్ష ఇది. డిస్కులోని వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. స్టూడియో డిస్కులకు మామూలుగా కాపీ తాళం ఉండదు, 4.7 జీబీ ఖాళీ ఉంటే చాలు. తర్వాత వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌లో మీడియా, ఓపెన్ ఫోల్డర్ ద్వారా తెరిచి, ఆగిన చోటికే వెళ్లండి. అక్కడ సాఫీగా ఆడితే తప్పు డిస్కుదో డ్రైవ్‌దో. కాపీ మధ్యలోనే ఆగిపోయినా అంతే. హార్డ్ డిస్కు నుంచి ఆడినా అదే చోట తడబడితేనే డీకోడింగ్ వైపు చూడాలి. అప్పుడు కూడా ఒకటి గమనించండి: ఎప్పుడు ఆడించినా అదే ఫ్రేములో గళ్లు వస్తుంటే ఆ లోపం ఫైల్లోనే ఉంది, ఏ సెట్టింగూ దాన్ని బాగు చేయదు.

డ్రైవ్ డీవీడీని లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది. నిండా రాసిన డిస్కులో చివరి ఘట్టాలు బయటి అంచున పడతాయి, వేలిముద్రలు, గీతలు ఎక్కువగా ఉండేదీ అక్కడే. అప్పగింతల దగ్గర ఆగడానికి చాలాసార్లు కారణం ఇదే. మెత్తటి నూలు బట్టతో నడుమ నుంచి బయటికి నిలువుగా తుడవండి, గుండ్రంగా తుడవొద్దు. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తిరగడం మొదలై మళ్లీ ఆగిపోతుంటే దానికి కరెంటు చాలడం లేదు. హబ్‌కో ముందు పోర్టుకో కాకుండా సీపీయూ వెనక పోర్టుకు పెట్టండి.

ఇంకా విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత పీసీలో మరో చిక్కుంది. ఐడీఈ (పాత రకం వెడల్పు కేబుల్) డ్రైవ్ చదవడంలో పదే పదే తప్పులు వస్తే విండోస్ దాన్ని డీఎంఏ (డేటా నేరుగా మెమరీలోకి వెళ్లే పద్ధతి) నుంచి మెట్టు మెట్టుగా పీఐఓ అనే నెమ్మది పద్ధతికి దించేస్తుంది. అప్పుడు డేటా మోసే పని కూడా ప్రాసెసర్ మీదే పడి, వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. చూసేవాళ్లు డీకోడింగ్ బరువే అనుకుంటారు. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ డీఎంఏకు వస్తుంది.

డీకోడింగే మార్చాలనుకుంటే వీఎల్‌సీలో టూల్స్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్/కోడెక్స్‌లోకి వెళ్లండి. హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ అన్నచోట ఆటోమేటిక్ పెడితే గ్రాఫిక్స్, డిజేబుల్ పెడితే ప్రాసెసర్. సేవ్ చేసి, వీడియో ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, ఆడుతుండగా మారదు. విండోస్ 10లో టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, జీపీయూలో వీడియో డీకోడ్ గీత లేస్తుంటే హార్డ్‌వేర్ నిజంగా పనిచేస్తున్నట్టు. తలంబ్రాల ఘట్టం ఆడించి చూడండి. గాల్లో వేల బియ్యపు గింజలు, పైన కెమెరా ఫ్లాష్‌లు, ఎంపెగ్-2కు అంతకన్నా కష్టమైన సీను పెళ్లిలో ఉండదు. వీఎల్‌సీలోనే కంట్రోల్-జే నొక్కి స్టాటిస్టిక్స్‌లో లాస్ట్ ఫ్రేముల అంకె పెరుగుతోందేమో చూడండి.

ల్యాప్‌టాప్‌లో హార్డ్‌వేరే మేలు. మే నెల ఎండల్లో ఫ్యాన్ హోరు తగ్గుతుంది, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఇంకాసేపు వస్తుంది. గీతలు పడ్డ డిస్కుకు మాత్రం మా సలహా సాఫ్ట్‌వేరే. పాడైన డేటా వచ్చినప్పుడు అది పక్క ఫ్రేముల నుంచి తీసుకుని అతుకు వేస్తుంది. హార్డ్‌వేర్ డీకోడర్ అయితే అక్కడ పచ్చ పట్టీలు చూపొచ్చు, లేదా బిగుసుకుపోవచ్చు. మంచి డిస్కుకు కూడా పచ్చ పట్టీలు వస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చండి.

బతుకమ్మ ఆటలో చీరల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనబడితే అది రెండింటి తప్పూ కాదు. ఆ వీడియో ఇంటర్‌లేస్డ్, ఒక్కో ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాల గీతలు ఉంటాయి. వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, మోడ్‌లో యాడిఫ్ (2ఎక్స్) ఎంచుకోండి. సెకనుకు 50 ఫ్రేములతో కదలిక నున్నగా వస్తుంది. పాత ప్రాసెసర్ దానికి తట్టుకోకపోతే లీనియర్‌కు దిగండి.