పిడుగుపాటు డిష్ వైరు వెంట ఇంట్లోకి రాకుండా

విశాఖపట్నంలో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో మబ్బు కమ్మి ఉరుములు మొదలైతే, పెద్దలు ‘అర్జునా, ఫల్గుణా’ అనుకుంటూనే టీవీ ప్లగ్గు పీకేస్తారు. అలవాటు మంచిదే గాని, దానితో పని సగమే అయినట్టు. డాబా మీది డిష్ నుంచి దిగిన వైరు సెట్‌టాప్ బాక్సుకు తగిలించి ఉన్నంతసేపూ రెండో దారి తెరిచే ఉంటుంది. ఒక వేసవిలో మా ఇంట్లో ప్లగ్గు పీకి ఆ వైరును మరిచిపోయాము; సెట్‌టాప్ బాక్సూ, టీవీలోని హెచ్‌డీఎంఐ పోర్టూ రెండూ పోయాయి, పైకి మాత్రం మాడిన మచ్చ కూడా లేదు.

పిడుగు డిష్ మీదే పడనక్కరలేదు. పక్క వీధిలోని కొబ్బరిచెట్టు మీద పడినా, ఆ క్షణంలో పారే వేల ఆంపియర్ల విద్యుత్తు దగ్గరలోని పొడవాటి తీగలన్నింటిలోనూ అధిక వోల్టేజీని పుట్టిస్తుంది.

అందుచేత ఉరుము దూరాన ఉన్నప్పుడే ముందు ప్లగ్గు పీకి, ఆ తరువాత డిష్ వైరు విప్పి, దాని కొసను పరికరాలకు ఎడంగా పెట్టాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పుడిక వస్తువు పోయినా సరే, వైరు ముట్టుకోకూడదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన, దగ్గరలో పిడుగు ముప్పుంటే ఫోనులో హెచ్చరించే దామిని యాప్ ఈ విషయంలో అక్కరకొస్తుంది.

ఇంట్లో ఎవరూ లేని వేళ కాపాడేది ఎర్తింగే. డిష్ స్తంభాన్నీ, వైరు ఇంట్లోకి వచ్చే చోట బిగించిన, అధిక వోల్టేజీని నేలలోకి మళ్లించే సర్జ్ అరెస్టర్‌నూ మెలికలు లేకుండా సూటిగా ఎర్త్‌కు కలపాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు: డిష్ కోసం విడిగా ఒక కడ్డీ పాతి, దానిని మెయిన్ బోర్డు ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తారు. పిడుగు విద్యుత్తు నేలలోకి దిగినప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా ఏర్పడి, అది సెట్‌టాప్ బాక్సు గుండానే సర్దుకుంటుంది. కాబట్టి రెండింటినీ 16 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగతో కలిపించాలి. కుళాయి గొట్టానికి కట్టి చేతులు దులుపుకోవడం కుదరదు, ఇప్పటి గొట్టాలు చాలావరకు ప్లాస్టిక్‌వే. కొండవాలు ఇళ్లలో రాతి నేల విద్యుత్తును సరిగా తీసుకోదు గనుక, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టర్‌తో కొలిపించడం అవసరం.

పెదవాల్తేరు వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఏటా వేసవికి ముందు ఒకసారి డాబా ఎక్కి చూడాలి. రాగి తీగ బిగించిన చోట పచ్చటి చిలుము పట్టి, నట్టు తుప్పుతో ఉబ్బి ఉంటే ఆ ఎర్త్ పేరుకే ఉన్నట్టు. గీకి శుభ్రం చేసి, మళ్లీ బిగించి, రబ్బరు టేపు చుట్టాలి.

స్టెబిలైజర్ ఈ పనికి రాదు. స్పైక్ బస్టర్ కొంత మేలే గాని, అది కాపాడేది కరెంటు దారిని మాత్రమే, పైగా దెబ్బలు తినేకొద్దీ దాని శక్తి తరిగిపోతుంది. చివరి ఉరుము విన్న అరగంటకు, కనెక్టర్ తడి తుడిచాకే, డిష్ వైరు తిరిగి తగిలించాలి.