గ్రేట్ డేన్ పిల్లను భయం లేకుండా పెంచడం ఎలా?

గ్రేట్ డేన్ జాతి కుక్క చూడ్డానికి దూడంత ఉంటుంది, గుండె మాత్రం పసిపిల్లది. మగది 60 కిలోలు దాటుతుంది. బెదిరి లాగిందంటే మనిషి ఆపలేడు. విజయనగరంలో ఇప్పటికి మూడింటిని పెంచాను. అందరూ ఒకే దగ్గర తప్పు చేయడం చూసి చూసి ఇది రాస్తున్నాను.

సామాను: వెడల్పాటి బెల్టు, ఆరడుగుల తాడు, మందపాటి పరుపు. ఇనప గొలుసు వద్దే వద్దు. తల్లి దగ్గర ఎనిమిది వారాలు పెరిగిన పిల్లనే తెచ్చుకోండి.

తిండి: పెద్ద జాతి పిల్లల ఫీడ్, రోజుకు మూడుసార్లు. కాల్షియం పొడి కలపకండి, ఎక్కువైతే కాళ్లు వంకర తిరుగుతాయి. చోడి (రాగి) అంబలి కొంచెం పోయండి, అదే భోజనం చేయకండి. తిన్నాక గంటసేపు పరుగులు వద్దు. పొట్ట ఉబ్బి, వాంతి రాక ఓకరిస్తుంటే కడుపు మెలిపడిందేమోనని అనుమానించి వెంటనే డాక్టర్ దగ్గరకు పరిగెత్తండి.

లోకం చూపించడం: అసలు కష్టం ఇక్కడే. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా పిల్ల మనసు కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకుంటుంది. టీకాల వరుస పూర్తయ్యేసరికి పదహారు వారాలు. అందుకని చాలామంది అప్పటిదాకా గదిలో ఉంచి, తర్వాత ఒక్కసారిగా రోడ్డు మీదకు లాక్కెళ్తారు. ఈలోపు విలువైన సమయం అయిపోతుంది.

మొదటి టీకా పడ్డాక ఒళ్లో పెట్టుకుని ఆటోలో తిప్పండి. వీధికుక్కలు తిరిగే నేల మీద దించకండి, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది. గంటస్తంభం దగ్గర పది నిమిషాలు ఆగితే హారన్లు, సైకిళ్లు, గొడుగులు, గడ్డాల తాతలు అన్నీ కనిపిస్తాయి. ఒక్కో కొత్తదానికి ఉడికించిన కోడి ముక్క ఒకటి. రోజుకు ఒక చోటు చాలు.

దూరం మీరు కాదు, పిల్ల నిర్ణయిస్తుంది. చెవులు వెనక్కి పెట్టి, పెదవులు నాక్కుంటూ, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంటే టెన్షన్ పడుతోందని అర్థం. వెంటనే వెనక్కి నడవండి. కోడి ముక్క కూడా తినడం లేదంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

నా మొదటి పిల్లను మూడు నెలలప్పుడు డప్పులు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ల వాళ్ల పక్కకే తీసుకెళ్లాను, అలవాటవుతుందని. నా పాదం మీద ఎక్కి కూర్చుని వణికింది. ఆ వణుకు పంచె మీదుగా నాకు తెలిసింది. తర్వాత రెండేళ్లు డప్పు వినిపిస్తే మంచం కిందే. రెండోదానికి అదే మోతను వీధి చివర నుంచి వినిపించాను, వారానికి నాలుగు అడుగులు దగ్గరకు జరిగాను. అది డప్పుల పక్కన నిద్రపోతుంది.

ధైర్యం రావాలని పక్కనే టపాకాయలు కాల్చేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. భయపడి దగ్గరకొస్తే చెయ్యి వేయండి. ఓదారిస్తే భయం పెరగదు. అరవకండి, కొట్టకండి. ఈ జాతి ఒక్క కేకకే రోజంతా మొహం చాటేస్తుంది.

మాట నేర్పడం: తెల్లారకముందే, ఐదు నిమిషాలు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు ‘కూర్చో’, ఇంకొకరు ‘సిట్’ అంటే కుదరదు.

దసరా తర్వాతి మంగళవారం, మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం రోజు, ఎంత నేర్చిన కుక్కనైనా బయటకు తేకండి. లోపలి గదిలో ఫ్యాను పెద్దగా పెట్టి, పక్కన ఒకరు కూర్చోండి.