రస్ట్‌డెస్క్‌తో దూరపు దుకాణం కంప్యూటర్: ఒక్కసారి పోయి సరిగ్గా పెట్టి రావడం, మొరాయిస్తే ఎక్కడ చూడాలో తెలుసుకోవడం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి రావడం మొదలైతే అడ్తి (కమీషన్ ఏజెంట్ల) దుకాణాల కంప్యూటర్లకు ఊపిరాడదు. లెక్కలు చూసే మనిషేమో హన్మకొండలో, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఉన్న కంప్యూటరేమో ఎనుమాములలోనో పరకాలలోనో నర్సంపేటలోనో. ఒక్క ఎంట్రీ తప్పు పడినా బండి తీయాల్సిందే. అక్కడి కంప్యూటర్ తెరను ఇక్కడి నుంచే చూస్తూ నడిపించి, ఈ తిరుగుడు తప్పించే సాఫ్ట్‌వేర్లలో రస్ట్‌డెస్క్ ఒకటి. ఓపెన్ సోర్స్, ఏజీపీఎల్ లైసెన్స్. మైక్రోసాఫ్ట్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ కావాలంటే అవతల విండోస్ ప్రో ఉండాలి. దీనికి హోమ్ ఎడిషన్ చాలు.

జీఎస్టీ పని చేసేవాళ్లకు ఇంకో లాభం ఉంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (సంతకానికి వాడే యూఎస్‌బీ పరికరం) దుకాణం కంప్యూటర్‌కు పెట్టి ఉన్నా, మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అయితే అది కనిపించదు. టోకెన్ కూడా స్మార్ట్ కార్డు లాంటిదే, ఆ పద్ధతి స్మార్ట్ కార్డును మీ ముందున్న కంప్యూటర్లో వెతుకుతుంది. రస్ట్‌డెస్క్ అక్కడ వెలుగుతున్న తెరనే మీకు చూపిస్తుంది కాబట్టి టోకెన్ మామూలుగానే పనిచేస్తుంది. ఇబ్బంది కూడా అదే తెరతోనే: గుమాస్తా బిల్లు కొడుతుంటే మౌస్ కోసం ఇద్దరూ కొట్లాడాల్సి వస్తుంది. కాంటాలు అయిపోయాక ఒక వేళ మాట్లాడి పెట్టుకోండి.

ఇది ఫోన్లో చెప్పి పెట్టించే పని మాత్రం కాదు. సీజన్‌కు ముందే ఒకసారి పోయి గంట కూర్చోండి. ఆ గంటలో సగం సాఫ్ట్‌వేర్‌కు కాదు, కరెంటుకు పోతుంది.

దుకాణంలో చేయాల్సినవి

మొదట కరెంటు సంగతి. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటుంది కానీ రౌటర్, ఫైబర్ డబ్బా గోడ ప్లగ్గుకే ఉంటాయి. కరెంటు పోగానే కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, మీకు మాత్రం ఆఫ్‌లైన్ అని వస్తుంది. ఆ రెండింటినీ కూడా యూపీఎస్ మీదికి మార్చండి. లేదంటే రౌటర్ అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టేజీ, ఆంపియర్లు చూసి దానికి సరిపోయే చిన్న డీసీ యూపీఎస్ పెట్టండి. చాలా రౌటర్లకు 12 వోల్టులు.

తర్వాత బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) పోయి, కరెంటు వచ్చాక కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. మదర్‌బోర్డును బట్టి దాని పేరు 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అనో 'ఏసీ బ్యాక్' అనో ఉంటుంది. పాత కంప్యూటర్ అయితే సీఆర్2032 నాణెం బ్యాటరీ కూడా మార్చేయండి. అది చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ బయోస్ సెట్టింగులు చెరిగిపోతాయి, తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పితే రెండో అంచె కోడ్ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్లో చూసి కొట్టేది) కూడా సరిపోలదు, మీరేమో పాస్‌వర్డ్ తప్పనుకుని తల గోక్కుంటారు.

విండోస్ పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ను 'నెవర్' చేయండి. తెర ఆరిపోవడం ఫర్వాలేదు. ల్యాప్‌టాప్ అయితే మూత మూసినప్పుడు 'డూ నథింగ్' అని పెట్టాలి, లేకపోతే దుకాణం కట్టేసే పిల్లగాడు మూత దించగానే కథ ముగుస్తుంది.

ఇక రస్ట్‌డెస్క్. అధికారిక సైట్ నుంచో, దాని గిట్‌హబ్ పేజీ నుంచో మాత్రమే దించుకోండి. ఫైల్ నొక్కగానే ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. అలా వదిలేస్తే విండోస్ అనుమతి అడిగే పెట్టె వచ్చినప్పుడు మీ తెర బిగుసుకుపోతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అయితే లాగిన్ తెర దాకా కూడా పోలేరు. కింద కనిపించే 'ఇన్‌స్టాల్' నొక్కి పూర్తిగా పెట్టండి. అప్పుడది విండోస్ సర్వీసుగా నడుస్తుంది, ఎవరూ లాగిన్ కాకముందే అందుబాటులోకి వస్తుంది.

ఆ కంప్యూటర్‌ను పిలవడానికి వాడే అంకెల ఐడీ దానంతట అదే వస్తుంది. సెక్యూరిటీ సెట్టింగుల్లో శాశ్వత పాస్‌వర్డ్ పెట్టండి. పన్నెండు అక్షరాలకు తగ్గొద్దు. దుకాణం పేరు, సేటు ఫోన్ నంబర్ అసలే వద్దు. అక్కడే రెండో అంచె ధ్రువీకరణ కూడా ఆన్ చేసి, దాని క్యూఆర్ కోడ్‌ను మీ ఫోన్‌లోని అథెంటికేటర్ యాప్‌తో స్కాన్ చేసుకోండి. సేటుకు ఒక మాట గట్టిగా చెప్పి రండి: "మేం పెట్టిన ఐడీ, పాస్‌వర్డ్ ఇంకెవ్వరు ఫోన్ చేసి అడిగినా చెప్పకుండ్రి, బ్యాంకోళ్లమన్నా సరే." పొరపాటున చెప్పి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని గోడ మీద రాసి పెట్టినా తప్పులేదు.

ఒకే డిస్కును కాపీ కొట్టి నాలుగు కంప్యూటర్లు తయారు చేసి ఉంటే, అందులో రస్ట్‌డెస్క్ ముందే ఉంటే, నాలుగింటికీ ఒకే ఐడీ వచ్చి ఒకదాన్ని పిలిస్తే ఇంకొకటి పలుకుతుంది. సెట్టింగుల్లో ఐడీ మార్చండి. ఇంగ్లిష్ అక్షరంతోనే మొదలవ్వాలి, 6 నుంచి 16 అక్షరాల లోపు ఉండాలి. ఊరి పేరు, వరుస సంఖ్య కలిపి పెట్టుకుంటే తర్వాత వెతుక్కునే బాధ ఉండదు.

సొంత సర్వర్ అవసరమా?

మీ కంప్యూటర్‌ను, దుకాణం కంప్యూటర్‌ను కలిపేది మధ్యలో ఉండే సర్వర్. రెండు కంప్యూటర్లే అయితే రస్ట్‌డెస్క్ వాళ్ల ఉచిత సర్వర్‌తో గడిచిపోతుంది. పది దుకాణాలు చూసేవాళ్లు సొంతది పెట్టుకోవడమే మేలు. సర్వర్‌లో రెండు ప్రోగ్రాములు ఉంటాయి. హెచ్‌బీబీఎస్ అనేది ఎవరు ఎక్కడున్నారో చిట్టా రాసుకుంటుంది, హెచ్‌బీబీఆర్ అనేది ఇద్దరికీ నేరుగా దారి దొరకనప్పుడు మధ్యలో నిలబడి డేటా అందిస్తుంది. ఒక జీబీ ర్యామ్ ఉన్న చిన్న లైనక్స్ వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్) ధారాళంగా సరిపోతుంది. ఖర్చయ్యేది డేటాయే. ట్యాలీ లాంటి అంకెల పనికి సెకనుకు సుమారు 100 కిలోబైట్లు లెక్క వేసుకోండి, అంటే గంటకు 360 మెగాబైట్లు. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్ మీద కూర్చుంటే నాలుగు గంటలు వస్తుంది.

ఇంట్లో పాత కంప్యూటర్‌నే సర్వర్ చేద్దామనుకుంటే ముందు రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు రౌటర్‌కు ఉన్న చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీ కనెక్షన్ వందలమందితో పంచుకున్న చిరునామా వెనక ఉన్నట్టు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను రౌటర్ లోపలి కంప్యూటర్‌కు పంపే సెట్టింగ్) ఎంత చేసినా బయటివాళ్లు లోపలికి రాలేరు. సర్వీస్ ప్రొవైడర్ దగ్గర స్టాటిక్ ఐపీ కొనాలి, లేదా వీపీఎస్‌కే పోవాలి.

డాకర్‌తో (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే సాధనం) పెడితే రెండు కంటైనర్లకూ నెట్‌వర్క్‌ను 'హోస్ట్' అనే ఉంచండి. అది తీసేస్తే హెచ్‌బీబీఎస్‌కు అందరి చిరునామా డాకర్‌దే అన్నట్టు కనిపించి, నేరు కనెక్షన్ కుదరదు. తెరవాల్సిన పోర్టులు: టీసీపీ 21115, 21116, 21117, యూడీపీ 21116. బ్రౌజర్‌లో నుంచి వాడేవాళ్లయితేనే 21118, 21119 కూడా. లైనక్స్‌లోని ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో తెరిచి ఊరుకుంటే చాలదు, వీపీఎస్ కంపెనీ కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకో ఫైర్‌వాల్ ఉంటుంది, అక్కడా తెరవాలి.

మొదటిసారి నడవగానే డేటా ఫోల్డర్‌లో పేరులో ఈడీ25519 అని ఉండే రెండు ఫైళ్లు పుడతాయి. చివర పబ్ అని ఉన్నదాంట్లోని వరుసే క్లయింట్లకు (దుకాణాల్లో, మీ దగ్గర ఉన్న రస్ట్‌డెస్క్‌లకు) ఇవ్వాల్సిన కీ. ఈ రెండు ఫైళ్లనూ అదే రోజు వేరే చోట దాచుకోండి. సర్వర్ పాడై కొత్తది పెట్టినప్పుడు ఇవి లేకపోతే కొత్త కీ పుడుతుంది, ములుగు దాకా ఉన్న ప్రతి దుకాణానికీ మళ్లీ తిరగాలి. చిరునామా కూడా అంకెల ఐపీ కాకుండా డొమైన్ పేరుతో ఇస్తే, సర్వర్ మారినా డొమైన్‌ను అటు తిప్పితే సరిపోతుంది.

క్లయింట్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు అన్‌లాక్ చేసి, ఐడీ సర్వర్ గడిలో ఆ డొమైన్, కీ గడిలో ఆ వరుస అతికించండి. రెండు ప్రోగ్రాములూ ఒకే సర్వర్‌లో ఉంటే మిగతా గడులు ఖాళీగా ఉంచొచ్చు. కీ చేత్తో టైప్ చేయొద్దు. ఒక కంప్యూటర్‌లో సరిగ్గా పెట్టాక 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే మొత్తం అమరిక ఒక్క వరుసగా కాపీ అవుతుంది. వాట్సాప్‌లో పంపుకుని తర్వాతి దుకాణంలో 'ఇంపోర్ట్' చేస్తే చాలు.

మొరాయిస్తే: ముందు ఆ సందేశాన్ని చదవండి

ఏ ఎర్రర్ వచ్చిందో చూడకుండా తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మనవాళ్లకు అలవాటు. రస్ట్‌డెస్క్ ఇచ్చే ప్రతి సందేశం ఒక చోటినే వేలెత్తి చూపిస్తుంది.

'నాట్ రెడీ' అని కిందనే కనిపిస్తే, ఆ కంప్యూటరే హెచ్‌బీబీఎస్‌ను చేరుకోలేకపోతోంది. ఇంటర్నెట్ ఉందా, 21116 తెరిచి ఉందా చూడండి. విండోస్ పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశానికి సర్వర్ పేరు, పోర్ట్ ఇస్తే చివరి వరుసలో ట్రూ లేదా ఫాల్స్ చెబుతుంది. కానీ ఆ పరీక్ష టీసీపీకే. 21116 యూడీపీ మూసి ఉన్నా అది ట్రూ అనే అంటుంది, కొత్తగా సర్వర్ పెట్టినవాళ్లు జారిపడేది ఇక్కడే.

'ఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అంటే ఆ కంప్యూటర్ మీ సర్వర్ చిట్టాలోనే లేదు. ఒకవైపు సొంత సర్వర్, ఇంకోవైపు ఉచిత సర్వర్ ఉంటే ఇదే వస్తుంది. 'ఆఫ్‌లైన్' అంటే చిట్టాలో ఉంది కానీ ఇప్పుడు పలకడం లేదు: కరెంటు, నిద్ర, నెట్, ఈ మూడింట్లో ఒకటి. 'కీ మిస్‌మ్యాచ్' వస్తే కీ వరుస చివర ఈక్వల్ గుర్తు కాపీ కాకుండా మిగిలిపోయిందేమో చూడండి. రిలే సర్వర్‌కు కనెక్ట్ కాలేదంటే 21117 మూసి ఉంది, లేదా హెచ్‌బీబీఆర్ ఆగిపోయింది.

సర్వీస్ ఆగిపోయిందని అనుమానం వస్తే ఫోన్లోనే చూపించొచ్చు: "సేట్, డెస్క్‌టాప్ మీద రస్ట్‌డెస్క్ గుర్తు ఉంటది, చూడుండ్రి. దాన్ని తెరిస్తే స్టార్ట్ సర్వీస్ అని ఉంటది, అది నొక్కి ఎస్ అనుండ్రి."

కనెక్ట్ అయి 'వెయిటింగ్ ఫర్ ఇమేజ్' దగ్గరే ఆగితే తప్పు నెట్‌ది కాదు, తెరది. రాత్రి మానిటర్ స్విచ్ తీసేస్తే కొన్ని కంప్యూటర్లు తెరే లేదనుకుంటాయి. హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ ఒకటి వెనక గుచ్చితే కంప్యూటర్ మానిటర్ ఉందనే భ్రమలో ఉంటుంది. అవతల ఉబుంటు లైనక్స్ ఉంటే అనుమానం వేల్యాండ్ (తెరను నడిపే కొత్త పద్ధతి) మీదికి పోవాలి. లాగిన్ తెర చేతికి రావాలంటే దాన్ని పాత పద్ధతి ఎక్స్11కు మార్చాలి. మ్యాక్ అయితే స్క్రీన్ రికార్డింగ్, యాక్సెసిబిలిటీ అనుమతులు రెండూ ఇవ్వాలి. మొదటిది మాత్రమే ఇస్తే తెర కనిపిస్తుంది, మౌస్ కదలదు.

నెమ్మదిగా ఉంటే ముందు ట్యాబ్ మీద మౌస్ పెట్టి కనెక్షన్ నేరుగా ఉందా, రిలే మీదుగా పోతోందా చూడండి. ఆపైన నాణ్యతను 'ఆప్టిమైజ్ రియాక్షన్ టైమ్'కు మార్చండి, లేదా 'కస్టమ్' ఎంచుకుని ఎఫ్‌పీఎస్ (సెకనుకు పంపే బొమ్మల సంఖ్య) 10–15కు దించండి. లెక్కల పనికి అంతకంటే అక్కర్లేదు. బొమ్మను కుదించి పంపే భారం దుకాణం కంప్యూటర్‌ది. అది పాత డ్యూయల్ కోర్ అయితే ఏవీ1 కోడెక్ (బొమ్మను కుదించే పద్ధతి) దాని నడుం విరగ్గొడుతుంది, వీపీ8 ఎంచుకోండి.

తెలుగు టైపింగ్, ఫైళ్లు

'మ్యాప్' కీబోర్డ్ మోడ్‌లో రస్ట్‌డెస్క్ అక్షరాన్ని కాదు, మీరు నొక్కిన మీట స్థానాన్ని పంపుతుంది. కాబట్టి మీ దగ్గర తెలుగు పెట్టుకుని లాభం లేదు. మీ కీబోర్డ్ ఇంగ్లిష్‌లోనే ఉంచి, అవతలి విండోస్‌లో తెలుగు కీబోర్డ్ పెట్టుకుని అక్కడ మార్చండి. రాసింది ఎక్కువైతే ఇక్కడే రాసి కాపీ-పేస్ట్ చేయండి, యూనికోడ్ తెలుగు క్షేమంగా చేరుతుంది.

ట్యాలీ డేటా తెచ్చుకునేటప్పుడు అక్కడ ట్యాలీ మూసేసి, బ్యాకప్ తీసి, ఆ ఫైల్‌ను ఫైల్ ట్రాన్స్‌ఫర్ కిటికీలో లాగండి. నడుస్తున్న డేటా ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేస్తే సగం పాతది, సగం కొత్తది వచ్చే ప్రమాదం ఉంది. డీటీపీ దుకాణాల కంప్యూటర్లలో యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసిన మ్యాటర్ కాపీ చేస్తే మాత్రం ఇటువైపు పిచ్చి గీతలు వస్తాయి. ఆ ఫాంట్ మీ దగ్గర లేకపోవడమే కారణం, రస్ట్‌డెస్క్ తప్పేం లేదు. అక్కడే పీడీఎఫ్ చేసి ఫైల్‌గా తెచ్చుకోండి.