సైన్స్ ఫెయిర్‌కి పదమూడడుగుల సీలకాంత్ అస్థిపంజరం

సీలకాంత్‌లంటే కాడల్లాంటి రెక్కలుండే ప్రాచీన చేపల జాతి. రాక్షస సీలకాంత్ చెయ్యమంటే చాలా బళ్లలో 1938లో దక్షిణాఫ్రికా దగ్గర ట్రాలర్ (చేపలు పట్టే ఓడ) వలలో పడ్డ, ఇప్పటికీ బతికున్న సీలకాంత్ లాటిమేరియా బొమ్మ తీసుకుని సాగదీస్తారు. అది మహా అయితే రెండు మీటర్ల చేప. మీరు చెయ్యాల్సింది మాసోనియా, ఎప్పుడో అంతరించిన పెద్ద సీలకాంత్. బ్రెజిల్‌లో దొరికిన ఎముకలకి 1907లో ఆ పేరు పెట్టారు, తర్వాత మొరాకోలోనూ దొరికింది. కాలం క్రెటేషియస్, అంటే డైనోసార్ల చివరి యుగం. పెద్ద మాసోనియాలు ఎక్కువగా విడివిడి తల ఎముకలుగానే దొరుకుతాయి. పొడవు వాటిని బట్టి కట్టిన అంచనాయే. అందుకే 4 మీటర్ల దగ్గర ఆగడం మంచిది, అంటే పదమూడడుగులు.

మూడు ముక్కలుగా చెయ్యండి: తల 3 అడుగులు, నడుము 5, తోక 5. ఒకటే ముక్కైతే తరగతి గుమ్మంలో తిరగదు, ట్రాలీ ఆటోలో పట్టదు. అతుకుల దగ్గర పావంగుళం బోల్టులు, వింగ్ నట్లు వాడండి. చట్రానికి అడితిలో వెదురు బద్దలు, పైన ఫ్రిజ్ పెట్టెల అట్ట.

వెన్నెముక దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పూసలు గుచ్చినట్టు వెన్నుపూసలు పెట్టేస్తారు. సీలకాంత్‌కి ఆ పూసలుండవు, మెత్తటి గొట్టంలాంటి నోటోకార్డ్ ఉంటుంది. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు వేసి బూడిద రంగు పూయండి. దాని మీది ముళ్లు లోపల బోలు. న్యూస్‌పేపర్‌ని సైకిల్ చువ్వకి చుట్టి, ఫెవికాల్ రాసి, చువ్వ లాగేస్తే అచ్చంగా అవే. ఒకటి రెండు అడ్డంగా కోసి ఉంచండి, బోలు కనపడాలి. మాసోనియాకి పొడవాటి పక్కటెముకలున్నాయి, లాటిమేరియాని చూసి వాటిని వదిలెయ్యకండి.

వీపు మీది మొదటి రెక్క నేరుగా విసనకర్రలా విచ్చుకుంటుంది. రెండోదీ, కింద తోక ముందరి రెక్కా, జత రెక్కలూ కాడల మీద నిలబడతాయి. తోక మూడు భాగాలు, నడిమిది చిన్నది, వెనక్కి పొడుచుకొస్తుంది.

పుర్రెకి కొండపల్లి బొమ్మల మక్కు వాడండి. లీటరు చన్నీళ్లలో 100 గ్రాముల చింతపిక్కల పొడి ఉండ కట్టకుండా కలిపి, చిక్కబడేదాకా ఉడికించి, చల్లారాక జల్లించిన రంపపు పొట్టు కలుపుతూ పోవాలి. వానాకాలమైతే బూజు పడుతుంది, చిటికెడు మైలుతుత్తం వెయ్యండి. అది విషం, పిల్లల చేతికివ్వొద్దు. ఒక్కో పూత 3 మిల్లీమీటర్లు మించకూడదు. మందంగా పూస్తే పైన ఎండి లోపల తడి మిగిలి పగుళ్లిస్తుంది. బెజవాడ ఎండలో పెడితే అట్ట వంకర పోతుంది, నీడలో ఫ్యాను కింద ఆరనివ్వండి. సగం ఆరాక పాత టూత్‌బ్రష్‌తో గుంటలూ గాట్లూ పెట్టండి, మాసోనియా తల ఎముకలు గరుకు. ఎక్కడైనా థర్మోకోల్ వాడితే దాని మీద స్ప్రే పెయింట్ కొట్టొద్దు, కరిగిపోతుంది.

కడుపులో, తల వెనక, ఒకదాని మీదొకటి ఎక్కేలా అట్టముక్కలు పేర్చండి. అది ఊపిరితిత్తి చుట్టూ ఉండే ఎముక తొడుగు. మొరాకో నుంచి వచ్చిన అలాంటి తొడుగునే మొదట ఎగిరే సరీసృపం పుర్రె అనుకున్నారు. అది ఇంకో రాక్షస సీలకాంత్‌దని 2021లో తేల్చారు.

పుర్రెకి గోధుమ రంగు, ఊహించి పూరించిన ఒంటి రూపురేఖకి వట్టి సన్నతీగ. లేబుల్ మీద ‘4 మీటర్లు, అంచనా’ అనే రాయండి. మన దగ్గర లేవా అని అడుగుతారు. ప్రాణహిత–గోదావరి లోయలో ‘కోట’ అనే పేరున్న రాతి పొరల నుంచి వచ్చిన ఇండోసీలకాంతస్ అనే సీలకాంత్‌ని 1974లో వర్ణించారు. అది జురాసిక్‌ది, మాసోనియా కంటే ముందుది. దానికి వేరే లేబుల్ పెట్టండి.