ముత్తాత శిస్తు రసీదులో 1338

మా ముత్తాత ఏ పొలం ఎప్పుడు సాగు చేశాడో తేల్చాలని నాన్నమ్మ ట్రంకుపెట్టె దించాను. శిస్తు రసీదులు, ఒక ప్రోనోటు, రెండు దస్తావేజులు దొరికాయి. రసీదు మీద కరణంగారి చేతిరాతలో ౧౩౩౮ అని ఉంది. అదేం సంవత్సరమో అర్థంకాక రెండు రోజులు తల పట్టుకున్నాను.

అది ఫసలీ, అంటే శిస్తు లెక్కల కోసం వాడే రెవెన్యూ సంవత్సరం. మన మద్రాసు రెవెన్యూ లెక్కల్లో ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఫసలీకి జూలై నుంచి డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుంచి జూన్ దాకా అయితే 591 కలపాలి. అంటే 1338 ఫసలీ 1928–29. ప్రోనోటు మీద 'విభవ నామ సంవత్సర శ్రావణం' అని ఉంది. విభవ 1928లోనే వచ్చింది, రెండూ సరిపోయాయి.

అసలు చిక్కు పేరుతో వచ్చింది. మనవడికి తాత పేరు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ కాబట్టి అదే పేరుతో ఇద్దరున్నారు. ఇద్దరినీ ఒక్కరే అనుకుని నేను వంశవృక్షం తప్పుగా గీశాను. దస్తావేజుల్లో తండ్రి పేరు, చెక్కుబందీ (పొలానికి నాలుగు వైపులా ఉన్న హద్దులు) పక్కపక్కన పెట్టి చూస్తేనే విడిపోయారు. పేరొక్కటే నమ్మకండి, తండ్రి పేరూ, సర్వే నంబరూ తప్పక చూడండి.

రెండో దస్తావేజు 1931 నాటి తాకట్టు. ధాన్యం ధరలు కుప్పకూలిన రోజులవి. కింద సంతకం లేదు, ముత్తాత వేలిముద్ర ఉంది. సిరా కాస్త చెదిరింది. దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.