మిషన్ పక్కనే ఒక నోట్‌బుక్ వేలాడదీయండి

మా ఐస్ ప్లాంట్ విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర. కంప్రెసర్ ఆగిన ప్రతిసారీ "ఏదో కాసేపు ఆగింది" అనుకుని వదిలేసేవాళ్లం. ఇప్పుడు దాని పక్కనే దారం కట్టిన నోట్‌బుక్, పెన్ను ఉంటాయి. ఆగిన టైమ్, మెకానిక్ వచ్చిన టైమ్, పార్టు చేతికొచ్చిన టైమ్, మళ్లీ నడిచిన టైమ్ విడివిడిగా రాయాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒకసారి బెల్టు తెగి 5 గంటలు ఆగింది. చూస్తే రిపేరు ముప్పావుగంటే, మిగతాదంతా బెల్టు కోసం ఆటోనగర్‌లో తిరగడమే. మెకానిక్‌ని తిట్టుకోవడం మానేసి రెండు బెల్టులు కొని పెట్టాం.

మిషన్ ట్రిప్పయి పది నిమిషాలే ఆగినా రాయండి. పెద్ద బ్రేక్‌డౌన్ ఎలాగూ గుర్తుంటుంది, మరిచిపోయేది ఇలాంటి చిన్న ఆగుళ్లనే. కారణం దగ్గర "మోటార్ ప్రాబ్లం" అని కాకుండా "బేరింగ్ వేడెక్కింది, కాలిన వాసన వచ్చింది" అని రాయమనండి. ఎవరి తప్పని మాత్రం అడగొద్దు. అడిగితే మర్నాటి నుంచి పేజీ ఖాళీ!

నెలాఖరున గంటలు కూడితే ఏది ఎక్కువ తింటోందో తేలిపోతుంది. పెద్ద పనులు మేమైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధంలో పెట్టుకుంటాం. అప్పుడు మరబోట్లు కదలవు, ఐస్ అడిగేవాళ్లూ తక్కువ.