తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలవడం: పీజీ పరిశోధకులకు ఒక మార్గదర్శి

మోకీలు అరిగినవారిలోనూ, మోకాలి లిగమెంటుకు శస్త్రచికిత్స జరిగినవారిలోనూ తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్ కండరం త్వరగా సన్నబడుతుంది. అది ఎంత తగ్గింది, వ్యాయామంతో ఎంత తిరిగి వచ్చింది అన్న ప్రశ్నల మీద ఫిజియోథెరపీ, ఆర్థోపెడిక్స్ పీజీ విద్యార్థులు తరచుగా థీసిస్ ఎంచుకుంటారు. టేపుతో తొడ చుట్టుకొలత తీస్తే కండరం, కొవ్వు, వాపు కలగలిసిన ఒకే సంఖ్య వస్తుంది. ఎంఆర్‌ఐ ఈ మూడింటినీ చక్కగా విడదీసి చూపుతుంది గానీ, ఒక్కొక్కరికి రెండు మూడు సార్లు తీయించే స్థోమత చాలా థీసిస్‌లకు ఉండదు. ఈ రెండింటి మధ్య అల్ట్రాసౌండ్ నిజంగా ఉపయోగపడుతుంది. జపాన్ పరిశోధకులు ఇకాయ్, ఫుకునాగా 1968లోనే చేతి కండరం మధ్యచ్ఛేద వైశాల్యాన్ని (అడ్డంగా కోసినట్లు చూస్తే కనిపించే వైశాల్యాన్ని) అల్ట్రాసౌండ్‌తో కొలిచి, చదరపు సెంటీమీటరుకు కండరం ఎంత బలం ఇస్తుందో లెక్కగట్టారు.

అయితే రోగ నిర్ధారణ కోసం చూడటం వేరు, పరిశోధన కోసం కొలవడం వేరు. నిర్ధారణలో వైద్యుడు ప్రోబ్‌ను (చర్మం మీద ఆనించే మెషిన్ భాగాన్ని) అటూ ఇటూ కదుపుతూ, వంచుతూ, అవసరమైతే నొక్కుతూ తనకు కావలసినది వెతుక్కుంటాడు. కొలతలో ఆ స్వేచ్ఛ ఉండదు. ఈ రోజు పట్టుకున్న చోటనే, అదే కోణంలో, అంతే తేలికగా ఎనిమిది వారాల తర్వాత కూడా పట్టుకోగలిగితేనే రెండు సంఖ్యల మధ్య తేడాకు అర్థం ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ఒక్క పనిని ఎలా సాధించాలన్నదే.

మెషిన్ ముట్టుకునే ముందు

మన దేశంలో ఈ పని చేసేవారు మొదట చూసుకోవలసినది చట్టం. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చేసిన చట్టం ప్రకారం, నమోదు కాని సంస్థకు అల్ట్రాసౌండ్ మెషిన్ అమ్మడం కూడా నేరమే. మేము చూసేది తొడ కండరం మాత్రమే కదా అని ఈ విషయాన్ని తేలికగా తీసుకోకండి. మెషిన్ ఏ విభాగం పేరు మీద, ఏ గదిలో నమోదై ఉంది, దాన్ని ఎవరు నడపడానికి అనుమతి ఉంది అన్నది కాలేజీ కార్యాలయంలో కనుక్కుని, ఎథిక్స్ కమిటీకి ఇచ్చే దరఖాస్తులోనే రాయండి. చేతిలో పట్టే చిన్న మెషిన్‌ను ఊళ్లలోని శిబిరాలకు తీసుకువెళ్లాలన్న ఆలోచన ఉంటే, అనుమతి సంగతి పూర్తిగా తేలేవరకు ఆ పని మొదలుపెట్టకండి.

ప్రోబ్ విషయానికి వస్తే, తొడ ముందు భాగానికి లీనియర్ ప్రోబ్ (చదునైన అంచు ఉండేది) సరిపోతుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగదైర్ఘ్యం సుమారు 0.15 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, తెర మీద 21.37 అని కనిపించినా ఆ చివరి అంకెను నమ్మవలసిన పని లేదు. మిల్లీమీటరులో పదో వంతు వరకు రాస్తే చాలు. తొడ బాగా లావుగా ఉండి ఎముక గీత కనిపించకపోతే పౌనఃపున్యం తగ్గించాలి. ఎంత తగ్గించారో ఆ వ్యక్తి పేజీలో రాసుకుని, తర్వాతి సారి కూడా అంతే ఉంచాలి.

మెషిన్లన్నీ శబ్దం శరీరంలో సెకనుకు 1540 మీటర్ల వేగంతో వెళ్తుందని అనుకుని దూరాన్ని లెక్కిస్తాయి. నిజానికి కొవ్వులో వేగం సుమారు 1450 మీటర్లే కాబట్టి, 20 మిల్లీమీటర్ల కొవ్వు పొర తెర మీద 21 మిల్లీమీటర్లు దాటి కనిపిస్తుంది. కండరంలో వేగం 1540 కంటే కొంచెం ఎక్కువ కాబట్టి అది ఉన్నదానికంటే కాస్త పలుచగా కనిపిస్తుంది. ఒకే వ్యక్తిలో మార్పును గమనించేటప్పుడు ఈ దోషం రెండు సార్లూ ఒకేలా ఉంటుంది కాబట్టి పెద్దగా ఇబ్బంది లేదు. మీ సంఖ్యలను ఎంఆర్‌ఐ సంఖ్యల పక్కన పెట్టి పోల్చేటప్పుడు మాత్రం దీన్ని గుర్తుంచుకోవాలి.

మనిషిని పడుకోబెట్టడం

నా అనుభవంలో ఎక్కువ కొలతలు చెడిపోయేది ఇక్కడే. కొలతకు ముందు రోజు, ఆ రోజు బరువైన వ్యాయామం చేయవద్దని పాల్గొనేవారికి ముందుగానే చెప్పాలి, ఎందుకంటే పని చేసిన కండరం కొంతసేపు ఉబ్బి ఉంటుంది. గదిలోకి రాగానే ప్రోబ్ పెట్టకూడదు. నిలబడి నడిచి వచ్చిన మనిషిని పడుకోబెట్టగానే కాళ్లలోని ద్రవాలు సర్దుకోవడం మొదలవుతుంది కాబట్టి, కనీసం పది నిమిషాలు, వీలైతే పదిహేను నిమిషాలు, వెల్లకిలా పడుకోనివ్వాలి. అందరికీ ఒకే వ్యవధి పాటించాలి.

మోకాలు చాచి ఉండాలా, కింద చుట్టిన టవలు పెట్టి కొద్దిగా వంచాలా అన్నది మీ ఇష్టం. మోకాలు వంగితే కండరం సాగి మందం మారుతుంది కాబట్టి, ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని చివరి వరకు మార్చకూడదు. మోకాలు నొప్పితో పూర్తిగా చాచలేనివారు మీ అధ్యయనంలో ఉంటే టవలు పెట్టడమే మేలు. అప్పుడు ఆ టవలును కూడా పరికరాల్లో ఒకటిగా భావించి, అదే టవలును అంతే లావుగా చుట్టి వాడండి. పాదం సంగతి చాలామంది మరచిపోతారు. వెల్లకిలా పడుకుని కాలు వదులు చేస్తే పాదం బయటివైపుకు వాలి, దానితోపాటు తొడ మొత్తం తిరుగుతుంది. అప్పుడు చర్మం మీద మీరు పెట్టిన గుర్తు కింద ఉండేది మొన్న కొలిచిన కండర భాగం కాదు. నా మొదటి అధ్యయనంలో రెండో విడత కొలతలన్నీ తేడాగా వస్తుంటే కారణం తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. మొదటి విడతలో పాదానికి ఆనించిన చెక్క పెట్టెను రెండో విడతలో ఎవరో తీసి పక్కన పెట్టారు. పాదం వేళ్లు పైకప్పు వైపు చూసేలా ఒక ఆధారం తప్పకుండా ఉండాలి.

చోటు గుర్తించడం

తుంటి ముందువైపు చర్మం కింద చేతికి తగిలే ఎముక బొడిపె నుంచి మోకాలి చిప్ప పై అంచు వరకు టేపుతో కొలిచి, సరిగ్గా సగం దూరంలో చర్మం మీద గుర్తు పెట్టండి. మందం కొలవడానికి ఈ చోటు బాగా పనికివస్తుంది. క్వాడ్రిసెప్స్‌లో పైన ఉండే రెక్టస్ ఫెమోరిస్ భాగం మధ్యచ్ఛేద వైశాల్యం కావాలంటే మాత్రం ఇంకా కిందికి, పై నుంచి మూడింట రెండు వంతుల దూరానికి రావడం మంచిది. సగం దూరంలో బలమైన మనుషుల కండరం ప్రోబ్ వెడల్పును దాటిపోయి, అంచులు తెరలో పట్టవు.

నెలల తర్వాత అదే చోటును తిరిగి కనుక్కోవడానికి ఒక పాత పద్ధతి ఉంది, దానికి సాటి వచ్చేది నేను ఇంతవరకు చూడలేదు. పారదర్శక ప్లాస్టిక్ షీటును తొడ మీద పరచి, మోకాలి చిప్ప అంచును, పుట్టుమచ్చలను, పాత గాయాల మచ్చలను, మీరు పెట్టిన గుర్తును చెరగని పెన్నుతో దాని మీద దించుకోండి. రెండో విడతలో షీటును మచ్చలకు సరిపోయేలా పరిస్తే మీ గుర్తు తిరిగి దొరుకుతుంది. ప్రతి షీటు మీద పాల్గొనేవారి కోడ్ నంబరు, కుడి కాలా ఎడమ కాలా అన్నది, తేదీ రాసి భద్రపరచాలి.

ప్రోబ్ పట్టే చేయి

చేయి ఎంత ముఖ్యమో చెప్పడం కంటే మీ తొడ మీదే చూసుకోవడం మంచిది. చర్మం మీద ధారాళంగా జెల్ వేసి, ప్రోబ్ జెల్ మీద తేలుతున్నట్లు ఉంచి ఒక చిత్రం ఆపండి. తర్వాత మామూలుగా నిర్ధారణకు నొక్కినంత నొక్కి, ఇంకో చిత్రం ఆపండి. రెండింటిలోనూ చర్మం నుంచి తొడ ఎముక వరకు దూరం కొలిస్తే, మీరు ఎనిమిది వారాల వ్యాయామంతో సాధించాలనుకున్న మార్పు కంటే ఎక్కువ తేడా ఆ ఒక్క నొక్కుడులోనే వచ్చినా ఆశ్చర్యపోవలసిన పని లేదు. అందుకే ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య సన్నని జెల్ పొర తెర పై భాగంలో నల్లటి పట్టీలా కనిపించాలన్న నియమం పెట్టుకోండి. ఆ పట్టీ లేని చిత్రంలో చేయి నొక్కింది అనుకుని దాన్ని వదిలేయాలి.

కోణానికి సాక్ష్యం తొడ ఎముకే చెబుతుంది. ప్రోబ్‌ను నెమ్మదిగా తల వైపుకు, పాదం వైపుకు వంచుతూ ఉంటే ఎముక గీత ఒకచోట అన్నిటికంటే తెల్లగా, పదునుగా కనిపిస్తుంది. శబ్దం ఎముకకు లంబంగా తగులుతున్నది అక్కడే. కండరంలోని పీచు పొరలు, టెండన్లు కూడా లంబంగా చూసినప్పుడే తెల్లగా ఉండి, కొన్ని డిగ్రీలు పక్కకు వాలితే నల్లబడతాయి. టెండన్‌ను కొలిచే పరిశోధకుడు ఈ నలుపును జబ్బుగా పొరబడితే అధ్యయనం మొత్తం దెబ్బతింటుంది.

ఇక్కడ పసిపిల్లల తుంటి పరీక్ష నుంచి నేర్చుకోవలసినది ఒకటి ఉంది. ఆస్ట్రియాకు చెందిన రైన్‌హార్డ్ గ్రాఫ్ 1980లో మొదలుపెట్టిన పద్ధతిలో, తుంటి ఎముకకు చెందిన నిర్ణీత గుర్తులన్నీ చిత్రంలో స్పష్టంగా కనిపించకపోతే కోణం కొలవనే కూడదు. ఆల్ఫా కోణం (తుంటి గుంట పైకప్పు వాలును చెప్పే కోణం) 60 డిగ్రీలు ఉందా లేదా అన్న చర్చ ఆ తర్వాతే. తొడ కండరానికి కూడా మీరు అలాంటి నియమం రాసుకోండి. జెల్ పట్టీ ఉండాలి, ఎముక గీత పదునుగా ఉండాలి, రెక్టస్ ఫెమోరిస్ రెండు అంచులూ తెరలో ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ చిత్రాన్ని కొలవకుండా పక్కన పెట్టి, మళ్లీ తీయాలి.

ఒక్కో కాలికి మూడు చిత్రాలు తీయండి, ప్రతి సారీ ప్రోబ్‌ను చర్మం మీద నుంచి పూర్తిగా ఎత్తి మళ్లీ పెట్టండి. ఎత్తకుండా మూడు సార్లు బటన్ నొక్కితే వచ్చేది ఒకే కొలతకు మూడు నకళ్లు. లోతు, గెయిన్ (చిత్రం తెలుపును పెంచే, తగ్గించే అమరిక), ఫోకస్ స్థానం అధ్యయనం అంతా ఒకేలా ఉండాలి. కండరం ఎంత తెల్లగా ఉందో లెక్కించి దాని నాణ్యతను అంచనా వేసేవారికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే గెయిన్ కాస్త పెంచితే ఆరోగ్యమైన కండరం కూడా కొవ్వు పట్టినట్లు కనిపిస్తుంది.

తెర మీద కొలవడం

మందం అంటే ఏ గీత నుంచి ఏ గీత వరకో ముందే రాసుకోవాలి. కండరాన్ని కప్పిన తెల్లటి పొర మందాన్ని కలపకుండా, పై పొర లోపలి అంచు నుంచి కింది పొర లోపలి అంచు వరకు కొలవడం నాకు సబబుగా తోస్తుంది. క్వాడ్రిసెప్స్‌లో ఎముకకు ఆనుకుని ఉండే వాస్టస్ ఇంటర్మీడియస్‌కు మాత్రం కింది హద్దు ఎముక గీత పై అంచు అవుతుంది. రోగి ఎదురుగా ఉండగా మెషిన్ మీదే కొలిస్తే, ఇది చికిత్సకు ముందు చిత్రమో తర్వాత చిత్రమో మీకు తెలిసిపోతుంది, మనసు చేతిని నడిపిస్తుంది. కాబట్టి గీతలేమీ గీయని చిత్రాలను డైకామ్ (వైద్య చిత్రాలకు వాడే ఫైలు) రూపంలో భద్రపరచి, పేర్లు, తేదీలు తీసేసి, వరుస కలిపేసి, తర్వాత ఇమేజ్‌జే వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలవండి. ఆ కోడ్‌ల పట్టిక లెక్కలు పూర్తయ్యేవరకు ఇంకొకరి దగ్గర ఉండాలి.

కండర పీచుల కోణం కూడా కొలవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. పిక్క లోపలివైపు కండరంలో పీచు మొదటి నుంచి చివరి వరకు తెరలో ఇమిడిపోతుంది, అక్కడ ఈ కొలత సాధ్యమే. తొడ బయటివైపున ఉండే వాస్టస్ లేటరాలిస్‌లో పీచు పొడవు ప్రోబ్ వెడల్పును దాటిపోతుంది కాబట్టి, కనిపించని భాగాన్ని ఊహించి గీయవలసి వస్తుంది. మొదటి థీసిస్‌కు అది ఎంచుకోవద్దని నా సలహా.

మీ చేతి దోషం ఎంతో తెలుసుకోవడం

అసలు అధ్యయనం మొదలుపెట్టకముందే, దానిలో పాల్గొనబోయేవారిని పోలిన పదిహేను ఇరవై మందిని రెండు వేర్వేరు రోజుల్లో కొలవండి. ఒకే చిత్రాన్ని రెండు సార్లు కొలిచి పోలిక బాగుందని సంతృప్తి పడేవారు ఉన్నారు. అది మీ కంటి నిలకడను మాత్రమే చెబుతుంది. పడుకోబెట్టడం, గుర్తు పెట్టడం, ప్రోబ్ పట్టడం అన్నీ మొదటి నుంచి మళ్లీ చేసినప్పుడే అసలు దోషం బయటపడుతుంది.

రెండు సార్ల కొలతలు ఎంత బాగా కలుస్తున్నాయో చెప్పే ఐసీసీ అనే గుణకం 0.91 వచ్చిందని రాసి ఊరుకోకుండా, దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చండి. ఆ గుంపులో మందం ప్రామాణిక విచలనం 4 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒకటి నుంచి 0.91 తీసేస్తే 0.09, దాని వర్గమూలం 0.3, దాన్ని 4తో గుణిస్తే కొలత ప్రామాణిక దోషం 1.2 మిల్లీమీటర్లు. దీన్ని 1.96తోనూ, 2 వర్గమూలంతోనూ గుణిస్తే సుమారు 3.3 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే ఒక వ్యక్తి కండరం 2 మిల్లీమీటర్లు పెరిగినట్లు కనిపించినా, అది పెరుగుదలో మీ చేతి తేడానో చెప్పలేరు. గుంపు సగటులో ఇంతకంటే చిన్న మార్పును కూడా గుర్తించవచ్చు గానీ, ఒక్కొక్క రోగి గురించి మాట్లాడేటప్పుడు ఈ 3.3 మీ హద్దు. యువకులనూ వృద్ధులనూ కలిపి పరీక్షిస్తే వారి మధ్య తేడాలు పెద్దవి కాబట్టి, మీ చేతి దోషం అంతే ఉన్నా ఐసీసీ మాత్రం ఎక్కువగా వస్తుంది. ఆ సంఖ్యను తెచ్చి అరవై దాటిన మోకీలు రోగుల అధ్యయనంలో చూపించడం సరికాదు. రెండు రోజుల కొలతల తేడాలను గణాంక శాస్త్రవేత్తలు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో వివరించిన పద్ధతిలో గ్రాఫుగా గీస్తే, లావు కండరాల దగ్గర దోషం పెరుగుతోందా అన్నది కూడా కంటికి తెలుస్తుంది.

థీసిస్‌లో పద్ధతుల అధ్యాయం రాసేటప్పుడు మెషిన్ పేరు, ప్రోబ్ పౌనఃపున్యం, లోతు, గెయిన్, పడుకున్న భంగిమ, విశ్రాంతి నిమిషాలు, గుర్తు పెట్టిన చోటు, ఎన్ని చిత్రాల సగటు, ఏ అంచు నుంచి ఏ అంచు వరకు, ఎన్ని చిత్రాలు పనికిరావని పక్కన పెట్టారు, మీ దోషం ఎన్ని మిల్లీమీటర్లు అన్నవన్నీ ఉండాలి. అధ్యయనం మధ్యలో మెషిన్ మారినా, సాఫ్ట్‌వేర్ కొత్తదైనా కొందరిని రెండింటి మీదా కొలిచి తేడా ఎంతో చూసి, ఆ సంగతి కూడా అక్కడే రాయండి. చిత్రాలను, ప్లాస్టిక్ షీట్లను వైవా అయిపోయిందని పారేయకండి. వచ్చే ఏడాది అదే విభాగంలో చేరే విద్యార్థి తన చేతిని సరిచూసుకోవడానికి వాటితోనే మొదలుపెట్టవచ్చు.